హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లల్ని హాస్టల్ వంటింటికి పంపడం: చదువా, సేవా, ఫ్రీ లేబరా?

సాస్_బాబు (ఒంగోలు)
అందరికీ నమస్తే. నేను హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా సెకండియర్. మా కాలేజీలో ఈ ఏడాది కొత్త రూల్ పెట్టారు, ప్రతి శనివారం మమ్మల్ని బ్యాచ్‌లుగా చేసి పక్కనున్న గవర్నమెంటు హాస్టల్ వంటింటికి పంపిస్తున్నారు. పొద్దున ఆరింటికల్లా అక్కడుండాలి, మూడొందల మంది పిల్లలు, కూరలు తరగడం దగ్గర్నుంచి వడ్డన దాకా వంటవాళ్ళతో పాటు మేమూ చెయ్యాలి. ఆ గంటలు ఎన్‌ఎస్‌ఎస్ (నేషనల్ సర్వీస్ స్కీమ్) లెక్కలో రాస్తారంట. క్లాసులో సగం మంది ఒకటే గొడవ. ల్యాబ్‌లో బెషమెల్, వెలూటే, ఎస్పాన్యోల్ అని ఫ్రెంచి సాసులు నేర్చుకుంటా, అక్కడికెళ్ళి టమాటా పప్పు కలపడానికా ఫీజు కట్టింది అంటున్నారు. నాకు మాత్రం వెళ్ళడం ఇష్టంగానే ఉంది గానీ రేపు స్టార్ హోటల్ ఇంటర్వ్యూలో దీనికేమన్నా విలువుంటదా? ఫీల్డులో ఉన్నోళ్ళు ఎవరన్నా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, తిట్టినా పర్లేదు.

డేగిసా_బాషా (దోహా, సొంతూరు కాకినాడ)
తమ్ముడూ తిట్టేదేం లేదు, వెళ్ళు, మానకు. నువ్వు చదివింది డిప్లొమానా, ఐహెచ్‌ఎమ్ (గవర్నమెంటు హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ)లో మూడేళ్ళ డిగ్రీనా, ఐటీఐలో ఏడాది ఫుడ్ ప్రొడక్షన్ ట్రేడా అనేది మొదటి నెల తర్వాత కిచెన్‌లో ఎవడూ అడగడు. సర్వీసు టైముకి నీ పని అయిందా లేదా అదే చూస్తారు.

ల్యాబ్‌లో నువ్వు నాలుగు పోర్షన్లు చేస్తావు, మాష్టారు స్పూన్‌తో రుచి చూసి మార్కులేస్తారు, అక్కడితో అయిపోద్ది. మూడొందల మందికి వండేటప్పుడు లెక్కే మారిపోద్ది. నలుగురి రెసిపీని 75తో హెచ్చవేసి ఉప్పూ కారం పోశావంటే ఎవడూ తినలేడు, వాటిని తగ్గించి మొదలుపెట్టి రుచి చూసుకుంటా పెంచాలి. ఎసరు కూడా అంతే, పెద్ద గుండిగలో ఆవిరయ్యే నీళ్ళు తక్కువ కాబట్టి ఇంట్లో కొలత పెడితే అన్నం జావైపోద్ది. అసలు పెద్ద వంటల్లో అన్నం పూర్తిగా ఉడకనివ్వరు, మెతుకు నలిపితే మధ్యలో సన్నగా పలుకు తగలాలి, అప్పుడే గంజి వార్చి గంపల్లో గుడ్డ పరిచి పోస్తారు, మిగతా ఉడుకు ఆ వేడికే ఉడుకుద్ది. ఇది ఏ పుస్తకంలోనో చదివితే అర్థమయ్యేది కాదు, ఆ వంటావిడ మెతుకు ఎలా నలుపుతుందో పక్కన నిలబడి చూడాలి.

ఇంటర్వ్యూ సంగతంటావా. నన్ను అడిగిన ప్రశ్న ఇది: రెండొందల మందికి బఫే పెట్టావు, ఇంకో నలభై మంది చెప్పకుండా వచ్చారు, చేతిలో ఇరవై నిమిషాలే ఉంది, ఏం చేస్తావు? హాలండేజ్ సాస్ గురించి ఒక్క ముక్క అడగలేదు. హాస్టల్ వంటింట్లో ఇది వారానికోసారి నీ కళ్ళ ముందే జరుగుద్ది.

కడప_కారం
బాషా అన్న చెప్పింది నిజమే, కాకపోతే ఇంకో వైపు కూడా చూడండి సామీ. నేను చదివిన కాలేజీ పేరు చెప్పను, మమ్మల్ని కూడా ఇట్లే ఔట్‌డోర్ ప్రాక్టికల్ అని పంపిస్తాండ్రి. ఎక్కడికి? పెండ్లిండ్లకు. తెల్లగ్లౌజులు ఏసుకొని రాత్రి ఒంటిగంట దాకా ప్లేట్లు అందించినాం, కిచెన్ లోపలికి కూడా రానీలేదు, మాకు మిగిలింది చల్లారిన బిర్యానీ, బస్సు లేక ఫంక్షన్ హాల్లోనే కుర్చీలు కలుపుకొని పండుకోవడం. తర్వాత తెలిసిందేమంటే ఆ క్యాటరింగాయన తలకింతని కాలేజీకి కట్టినాడు. రికార్డులో మాత్రం కమ్యూనిటీ సర్వీస్ అని రాసినారు. ఎవరి కమ్యూనిటీ, ఎవరికి సర్వీస్?

అందుకే సాస్ బాబూ, నువ్వు మొదట అడగాల్సింది ఇంటర్వ్యూ గురించి కాదు. నీ చాకిరీకి ఎవరికన్నా డబ్బులు ముడుతున్నాయా? నీ పక్కన నేర్పించే మనిషి ఉన్నాడా? పొయ్యి కాడికి రానిస్తాండారా లేక ఉల్లిగడ్డలు ఒలిపించి పంపిస్తాండారా? ఇవి సరింగా ఉంటే పో. లేకపోతే మీ క్లాసోళ్ళ గొడవే కరెక్టు.

పీవో_మేడం (వరంగల్)
నేను పాలిటెక్నిక్‌ల లెక్చరర్‌ను, ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌గ కూడ చేస్తున్న. కడప తమ్ముడు చెప్పినట్ల చేసుడు పూర్తిగ తప్పు, పెండ్లిల వడ్డించుడు ఎన్‌ఎస్‌ఎస్ గంటలకు రానే రాదు. ఎన్‌ఎస్‌ఎస్‌ల ఏడాదికి 120 గంటలు, రెండేండ్లకు 240, దాంతోపాటు ఏదన్న ఊర్ల ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి ఏడాది, 37 యూనివర్సిటీలల్ల షురూ అయింది ఇది. అప్పటి సంది "నాకోసం కాదు, నీకోసం" అన్నదే దాని మాట, మధ్యల క్యాటరింగాయన కోసం అని ఎక్కడ లేదు.

ఒక సంగతి చెప్త. మా క్యాంపు ఒక తండ దగ్గర పెట్టినం. వంటకు రేషన్ బియ్యమే తెచ్చినం. కడుగుతుంటే కొన్ని గింజలు పైకి తేలినయ్, ఊరి ఆడోళ్ళు "అవి ప్లాస్టిక్ బియ్యం, ఏరి పారెయ్యిండ్రి, మేమైతే రోజు ఏరి పారేస్తం" అన్నరు. అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిల ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మళ్ళ గింజ లెక్క అచ్చు పోస్తరు, వంద గింజలకు ఒక్కటి చొప్పున మామూలు బియ్యంల కలుపుతరు. రక్తహీనత ఎక్కువున్న ఇండ్లల్లనే వాటిని ఏరి బయట పడేస్తున్నరు, చూడుండ్రి ఎట్లుందో. మా పిల్లలు మైకు పట్టుకోని ఉపన్యాసం ఇయ్యలే. ఇరవై గింజలు కొన్ని నీళ్ళల్ల ఉడకబెట్టి, వేళ్ళ మధ్యల నలిపి చూపించిండ్రు, మామూలు మెతుకు తీరుగనే మెత్తగైంది. ప్లాస్టికైతే ఇట్ల నలుగుతదా అవ్వా అని అడిగిండ్రు. ఒక ముసలామె నోట్లె ఏసుకొని నమిలి, ఏమనకుంట పోయి చాటల పక్కకు పెట్టిన గింజలు మళ్ళ బియ్యంల కలిపింది.

గా పిల్లలు మెకానికల్ బ్రాంచోళ్ళు. వంటకూ వాళ్ళ చదువుకూ సంబంధమే లేదు. క్యాంపు పోయేదాక వాళ్ళల్ల సగం మందికి రేషన్ బియ్యం కార్డు మీద ఎట్లొస్తదో కూడ తెల్వదు.

మన్యం_కుర్రోడు (పాడేరు)
మేడం గారు చెప్పింది బావుంది గానీ అందరూ అలాగుండరండి. మా అమ్మ స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతాది, నెలకి 3000 గౌరవ వేతనం. ఇప్పుడు దాన్ని డొక్కా సీతమ్మ పేరు మీద పిలుస్తన్నారు లెండి, వండేదీ వడ్డించేదీ మాత్రం అప్పుడూ ఇప్పుడూ అమ్మే. మా బడికి కాలేజీ పిల్లలు సర్వీసని వస్తారు. వచ్చీ రాగానే బ్యానరు కడతారు, గరిటె పట్టుకుని ఫొటో, పిల్లలకి వడ్డిస్తన్నట్టు ఫొటో, తర్వాత వీళ్ళూ మా పిల్లల బంతిలోనే కూర్చుని తినేసి వెళ్ళిపోతారు. ఆ పూట గిన్నెలు రెండింతలు, తోమేది మా అమ్మ.

ఒకే ఒక్క బ్యాచ్ నాకు గుర్తుంది, విశాఖ నుంచి వచ్చిన ఆడపిల్లలు. వాళ్ళు ఏం చేసారంటే ముందు అమ్మని కూర్చోబెట్టి ఎలా కొలుస్తావమ్మా అని అడిగారు. ప్రైమరీ పిల్లకి రోజుకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు అని రూలు కదా. మా బడిలో అరవై మంది, అంటే బియ్యం ఆరు కిలోలు, పప్పు కిలోంబావు కంటే కాస్త తక్కువ, నూనె 300 గ్రాములు. అమ్మకి చదువు రాదు, తూకం లేదు, చేతి లెక్కే. ఆ పిల్లలు కొట్లో తూకం మీద పప్పు తూయించి మా స్టీలు చెంబులో పోసి, ఎంతవరకు వచ్చిందో అక్కడ మేకుతో గీత గీసారు. నూనెకి వేరే గ్లాసు, దానికీ గీత. పదిమంది తక్కువొచ్చిన రోజుకి కింద ఇంకో గీత. ఇప్పటికీ అమ్మ ఆ చెంబుతోనే కొలుస్తాది. వాళ్ళు ఒక్క ఫొటో కూడా తీసుకోలేదండి, రికార్డుకి ఏం పెట్టుకున్నారో మరి.

సుబ్బలక్ష్మి_తణుకు
బాబూ నేను చదువుకున్నదాన్ని కాను, రిటైరయ్యాక శ్రీవారి సేవకి వెళ్తూంటాను, తిరుమలలో వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూరలు తరిగే డ్యూటీ వేస్తారు మాకు. 1985లో రామారావు గారు మొదలెట్టిన నిత్యాన్నదానం అది, ఇప్పుడు ఆ వంటశాల చూస్తే కళ్ళు తిరుగుతాయి. నాకు తెలిసింది ఒక్కటి చెప్తాను. పిల్లలు వండడం, వడ్డించడం చూసి వచ్చేస్తారు. తిన్నాక ఎంగిలి పళ్ళేలు ఎవరూ చూడరు. మీ మాష్టారికి చెప్పు, భోజనాలయ్యాక ఎంగిలి తొట్టి దగ్గర ఒకళ్ళని నిలబెట్టమను, ఏది ఎంత మిగిలిందో రాయమను. బెండకాయ జిగురుగా ఉందని వదిలేశారా, సాంబారులో ముక్క ఉడకలేదా, గుడ్డు పచ్చసొన నల్లబడి వాసనొచ్చిందా, అన్నీ అక్కడే తెలుస్తాయి. హోటల్లో అయితే బాగోకపోతే మళ్ళీ రారు, నీకు తెలిసిపోతుంది. హాస్టల్ పిల్లాడు ఎక్కడికి పోతాడు, మర్నాడూ అక్కడే తినాలి పాపం.

వర్జీనియా_వెంకట్
సుబ్బలక్ష్మి గారూ, చివరి మాట చదివి కాసేపు ఏమీ టైప్ చెయ్యలేకపోయానండి.

ఇక్కడ మాకు దగ్గర్లో వాషింగ్టన్‌లో డీసీ సెంట్రల్ కిచెన్ అని ఉంది, 1989లో రాబర్ట్ ఎగర్ అనే ఆయన మొదలెట్టారు. పెద్ద పెద్ద ఫంక్షన్లలో మిగిలిపోయిన తిండి పారేయకుండా తెచ్చి షెల్టర్లకి పంపడంతో మొదలై, తర్వాత అదే కిచెన్‌లో వంట నేర్పే క్లాసులు కూడా పెట్టారు. జైలు నుంచి బయటికొచ్చినవాళ్ళు, ఉద్యోగం లేనివాళ్ళు, ఇల్లు లేనివాళ్ళు అక్కడ కుకింగ్ నేర్చుకుని హోటళ్ళలో, క్యాంటీన్లలో ఉద్యోగాల్లో చేరతారు. మా టెంపుల్ గ్రూప్ వాళ్ళం వాలంటీర్లుగా వెళ్ళి కూరగాయలు తరుగుతాం, నాకు నచ్చిందేంటంటే అక్కడ ప్రాక్టీస్ వేరు, వంట వేరు కాదు. కత్తి పట్టడం నేర్చుకునేవాడు తరిగిన క్యారెట్టు వంకరగా ఉన్నా తిన్నగా ఉన్నా ఆ రోజు సూప్‌లోకి వెళ్తుంది, ఆ సూప్ ఎవరో ఒకరు తింటారు.

మరి మన కాలేజీ ల్యాబుల్లో ప్రాక్టికల్ అయ్యాక ఆ వంట ఎక్కడికి పోతుంది? సాస్ బాబూ నువ్వే చెప్పాలి.

సాస్_బాబు (ఒంగోలు)
వెంకట్ గారూ నిజం చెప్తే మా హెచ్‌వోడీ గారి క్యారేజీలోకి పోద్ది 😅 మిగిలింది మేం తింటాం. టర్న్‌డ్ వెజిటబుల్స్ అని బంగాళాదుంపని ఏడు పక్కలొచ్చేలా చెక్కిస్తారు, చెక్కిన తుక్కంతా డస్ట్‌బిన్‌కే.

ఈసీఈ_తమ్ముడు (గుంటూరు)
మధ్యలో దూరుతున్నా సారీ. మాకు బీటెక్‌లో కూడా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని 180 గంటలుంది ఏపీలో. ఊరికెళ్ళి సర్వే చెయ్యాలి, సమస్య కనుక్కోవాలి, రిపోర్ట్ ఇవ్వాలి. వాస్తవం ఏంటంటే జిరాక్స్ షాపులో రెడీమేడ్ రిపోర్ట్ దొరుకుద్ది, ఊరి పేరు మార్చుకుంటే చాలు, మా క్లాసులో ఒకే మురుగు కాలవ సమస్య పన్నెండు ఊళ్ళల్లో ఉంది. ఇదంతా చదువుతుంటే మాకు కూడా ఇలా వంటింటికి పంపితే బాగుండనిపిస్తుంది, కనీసం ఎమ్మెస్‌కి పోయేలోపు అన్నం వార్చడమన్నా వచ్చేది. మా సీనియర్ డాలస్ పోయి మొదటి నెలంతా మ్యాగీ, ఎండుకొబ్బరి పొడే అంట.

కడప_కారం
ఈసీఈ తమ్ముడూ, మీ కాలేజీ పక్కన హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఉంటే వాళ్ళనే వచ్చి మీకు వంట క్లాసు తీసుకోమను, వాళ్ళకు సర్వీసు గంటలు, మీకు పప్పుచారు. నేర్పిస్తేనే తెలుస్తాది మనకు ఎంతొచ్చో.

పీవో మేడం, మీ క్యాంపు సంగతి బాగుంది, ఒప్పుకుంటా. అయితే మార్కులు ఎవరేస్తారు మేడం? గంటలకు సంతకం పెడతారు, బాగా చేసినోడికీ నిద్రపోయినోడికీ అదే సంతకం. ప్రాక్టికల్ అని పేరు పెట్టినప్పుడు ప్రాక్టికల్ మాదిరే చూడాల గదా.

పీవో_మేడం (వరంగల్)
నిజం చెప్పినవ్ తమ్మీ, అక్కడనే మేము గూడ ఫెయిలైతున్నం. ఎన్‌ఎస్‌ఎస్‌ల గంటల డైరీ ఉంటది, వంట ఎట్ల వండినవో రాసే గడి ఉండదు. ఫుడ్ ప్రొడక్షన్ సారు ఎన్‌ఎస్‌ఎస్ పనికి రాడు, ఎన్‌ఎస్‌ఎస్ చూసే నాకు వంటల టెక్నికల్ తెల్వది. ఇద్దరం కలిసి పోవాలె హాస్టల్‌కు, గంతే. టైంటేబుల్ల ఒక్క పీరియడ్ కూడ కలవది మా ఇద్దరికి, ప్రిన్సిపాల్ సారుతోటి కొట్లాడుతున్న.

ఫుడ్_సేఫ్టీ_ఫణి
ఇంతసేపు ఎవ్వరూ ఎత్తని విషయం ఒకటుంది. పిల్లల్ని మూడొందల మంది తినే వంటింట్లోకి పంపేముందు వాళ్ళకి శుభ్రత మీద ఏం నేర్పారు? చెఫ్ కోటు, టోపీ వేసుకున్నంత మాత్రాన సరిపోదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) వాళ్ళ ఫోస్టాక్ ట్రైనింగ్ ఒకటుంది, పాతిక మంది వంటవాళ్ళకి ట్రైనింగ్ అయిన సూపర్‌వైజర్ ఒకరుండాలని లెక్క. కాలేజీ కనీసం ఆ సిలబస్ చెప్పించి పంపాలి.

ముఖ్యంగా అన్నం. అందరూ చికెన్ అంటే భయపడతారు, అన్నాన్ని పట్టించుకోరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలుంటాయి, అవి ఉడికించినా చావవు. పొద్దున ఆరింటికి వండి గంపలో పోసి మూత పెట్టి ఒంటిగంటకి వడ్డిస్తే ఆ గోరువెచ్చటి మధ్యభాగంలో అవి మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకే 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఏ వంటనీ ఎక్కువసేపు ఉంచకూడదంటారు. ఒక థర్మామీటర్ కొనుక్కోండి, ఖరీదేం కాదు, గంప పైన కాదు నడిమధ్య గుచ్చి చూడండి. వడ్డించే టైముని బట్టి రెండు విడతలుగా వండితే గొడవే ఉండదు. ఇంకోటి, బళ్ళలో భోజనం పిల్లలకి పెట్టేముందు టీచరుతో సహా పెద్దవాళ్ళు రుచి చూడాలని రూలుంది, రిజిస్టర్లో రాయాలి. హాస్టల్లో కూడా అదే చెయ్యండి, అందరికంటే ముందు ఆ రోజు వెళ్ళిన బ్యాచ్‌లో ఒకళ్ళు తినండి.

వేలు కోసుకున్న పిల్లాడు ఎవడన్నా ఉంటే వాడిని ఆ పూట వంటకి దూరంగా ఉంచి లెక్కలు రాయించండి. వాంతులు విరేచనాలు అయినోడు ఆ వైపే రాకూడదు, అటెండెన్స్ పోతే పోయింది.

సాస్_బాబు (ఒంగోలు)
అందరికీ చాలా థ్యాంక్సండి, ఇంత మంది రాస్తారనుకోలేదు. కడప అన్నా మీరడిగినవి వార్డెన్ సార్‌ని, మా సార్‌ని ఇద్దర్నీ అడిగాను, డబ్బులేం లేవు, పొయ్యి దగ్గరికి రానిస్తున్నారు, మా సార్ మాత్రం ఎనిమిదింటికి వచ్చి సంతకం పెట్టి పోతున్నాడు.

ఇప్పుడు అసలు డౌటు. మొన్న శనివారం టమాటా పప్పు ఎంతసేపటికీ ఉడకలేదు. రెండున్నర గంటలు మంట పెట్టినా బద్ద బద్దలాగే ఉంది, చివరికి వంట మాస్టారు గుప్పెడు వంట సోడా కొట్టాడు, వెంటనే మెత్తబడింది గానీ రంగు మారి సబ్బు రుచొచ్చింది. పిల్లలు సగం వదిలేశారు, సుబ్బలక్ష్మి గారు చెప్పినట్టు ఎంగిలి తొట్టి దగ్గర నిలబడితే కనిపించింది. అక్కడ నీళ్ళు బోరు నీళ్ళే. ఏం చెయ్యాలి?

డేగిసా_బాషా (దోహా, సొంతూరు కాకినాడ)
తమ్ముడూ మీ ప్రకాశం జిల్లా బోరు నీళ్ళంటే ఉప్పు నీళ్ళు, కాల్షియం మెగ్నీషియం బాగా ఉంటాయి, అవి పప్పు గింజని పట్టుకుని మెత్తబడనివ్వవు. దానికి తోడు మీ మాస్టారు టమాటాలు పప్పుతో పాటే వేసేసుంటాడు. పులుపు తగిలితే పప్పు ఇంకా బిగుసుకుంటుంది. టమాటా అయినా చింతపండు అయినా పప్పు పూర్తిగా మెదిగాకే వెయ్యాలి, వేరే బాండీలో టమాటా మగ్గబెట్టి చివర్లో కలుపు. సోడా వేస్తే ఉడుకుద్ది నిజమే, కానీ పప్పులో ఉండే బీ1 విటమిను పోద్ది, రుచి సంగతి నువ్వే చూశావు.

అక్కడ తాగే నీళ్ళకి ఆర్వో ప్లాంటు ఉంటుంది కదా, పప్పు వరకు ఆ నీళ్ళు అడుగు. ముందురోజు రాత్రి నానబెట్టమను, పొద్దున ఆ నీళ్ళు పారబోసి కొత్త ఆర్వో నీళ్ళలో ఎక్కించాలి. మూడొందల మందికి పప్పు ఆరు కిలోలనుకున్నా పాతిక లీటర్లలోపే పడతాయి, అన్నానికి బోరు నీళ్ళే వాడుకోవచ్చు. ఇంకోటి చూడు, ఆ పప్పు ఎన్నాళ్ళ నుంచి స్టోర్ రూమ్‌లో ఉందో. పాతబడ్డ పప్పు ఏ నీళ్ళలో అయినా మొండికేస్తుంది, బస్తా మీద తేదీ ఉంటుంది.

మాస్టారికి ఇవన్నీ నువ్వు నేరుగా చెప్పకు, ముప్పై ఏళ్ళ నుంచి వండుతున్న మనిషి, నీ మాట ఎందుకు వింటాడు. ఒక చిన్న గిన్నెలో అరకిలో పప్పు ఆర్వో నీళ్ళతో పక్క పొయ్యి మీద పెట్టి, రెండూ ఒకేసారి దించి ఆయన చేతికే గరిటె ఇవ్వు.

బయోడేటాలో కూడా "సమాజ సేవ చేశాను" అని రాయకు, అది ఎవడైనా రాస్తాడు. వారానికి 300 కవర్లు (అంటే 300 మంది భోజనాలు), ఇండెంట్ (కావాల్సిన సరుకుల లెక్క) వేశాను, పప్పు ఉడకని సమస్యకి నీళ్ళు మార్చి చూశాను, వదిలేసిన తిండి ఇంత తగ్గింది అని నెంబర్లతో రాయి. నెంబర్లు కావాలంటే వచ్చే శనివారం నుంచే ఎంగిలి తొట్టిని తూకం వెయ్యాలి మరి, సోడా మానక ముందు ఒక వారం, మానేశాక ఒక వారం.

మన్యం_కుర్రోడు (పాడేరు)
సాస్ బాబూ, పప్పు రాత్రి నానబెట్టమని మాస్టారికి చెప్తే శుక్రవారం రాత్రి ఆయనే కదా ఉండాలి. ఆ పని మీ బ్యాచే ఒప్పుకోండి, ఇద్దరు సాయంత్రం వెళ్ళి పప్పు పోసి మూత పెట్టి రండి. అదనపు పని ఆయన నెత్తినేస్తే రెండో వారానికి మళ్ళీ సోడాయే.

సాస్_బాబు (ఒంగోలు)
సరే అన్నా, శుక్రవారం నేనూ మా రూమ్మేటూ వెళ్తాం. ఆర్వో ప్లాంటు తాళం వార్డెన్ సార్ దగ్గరుంటదంట, ఆయన ఐదింటికే ఇంటికెళ్ళిపోతాడు, ముందే అడిగి పట్టించి పెట్టుకోవాలి. పాతిక లీటర్లకి క్యాన్లు ఎవరి దగ్గరన్నా దొరుకుతాయేమో చూస్తున్నా.